కినోషిత జున్‌జి జానపద నాటకాల రచయిత మాత్రమేనా? ‘యూజురు’ తెలుగులో ఏ యాసలో వేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పరిషత్తు పోటీకి ఒక విదేశీ నాటిక కోసం వెతుకుతుంటే ‘యూజురు’ ఇంగ్లీషు అనువాదం దొరికిందన్నారు. మూడు సంగతులు అడిగారు. రాసినాయన జానపద కథల నాటకకర్తేనా, ఇంకేమైనా రాశాడా? అంత చిన్న కథకు జపాన్‌లో అంత పేరెందుకు? తెలుగులో వేస్తే పల్లెటూరివాళ్ల చేత శ్రీకాకుళం యాస మాట్లాడించాలా, తెలంగాణ యాస మాట్లాడించాలా? నేను జపనీస్ చదవగలిగినవాణ్ణి కాను. ఇంగ్లీషు అనువాదాల ద్వారా, జపనీస్ తెలిసిన ఒక మిత్రుడి పక్కన కూర్చుని మూలం వింటూ ఈయన నాటకాలతో చాలా ఏళ్లు గడిపాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు మొదటిదానికి జవాబు: కాదు. కినోషిత జున్‌జి జానపదం రాశారు, చరిత్ర రాశారు, యుద్ధ నేరాల విచారణ మీద రాశారు, గూఢచారి మీద రాశారు, షేక్‌స్పియర్‌ను అనువదించారు. అన్నిటిలోనూ ఆయన పట్టుకున్న విషయం ఒకటే. ఒక మనిషి మాట ఇంకో మనిషికి ఎక్కడిదాకా అందుతుంది, ఏ క్షణాన అందకుండా పోతుంది అన్నది. మీ మూడో ప్రశ్న, అంటే యాస ప్రశ్న, ఆయన జీవితమంతా కుస్తీపట్టిన ప్రశ్నే. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆయన 1914 ఆగస్టు 2న టోక్యోలోని హోంగో ప్రాంతంలో పుట్టారు. బడి వయసులోనే కుటుంబం తండ్రి సొంత ఊరు కుమమోతోకి మారింది. అది దక్షిణాన క్యూషూ దీవిలో ఉంటుంది, యాస చాలా గట్టిది. టోక్యో మాటతో పెరిగిన పిల్లవాడు ఆ యాస మధ్యకు వచ్చిపడ్డాడు. భాష విషయంలో ఆయనకున్న చెవి అక్కడే తయారైందని నా నమ్మకం. 1936లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చదవడానికి తిరిగి రాజధానికి వచ్చారు. నకనో యోషియో అనే గొప్ప ఆచార్యుడి దగ్గర ఎలిజబెత్ కాలం నాటకాలు చదివారు.

మొదటి పెద్ద నాటకం ‘ఫూరో’. దాని తొలి ప్రతి 1939లోనే రాసుకున్నారు. జపాన్ ఆధునికమవుతున్న మెయిజీ కాలం (1868–1912) మొదట్లో కుమమోతోలో సమురాయ్ కుటుంబాల కుర్రాళ్లు పాత విశ్వాసానికీ కొత్త చదువుకీ మధ్య దారి వెతుక్కునే కథ. అయితే అది వెలుగు చూసింది యుద్ధం అయ్యాకే. 1940 ఆగస్టులో ప్రభుత్వం రెండు ప్రధాన ఆధునిక నాటక బృందాల సభ్యులను అరెస్టు చేసి, ఆ బృందాలను రద్దు చేయించింది. పడమటి నాటక పద్ధతిలో నడిచే ఈ ఆధునిక రంగస్థలాన్ని అక్కడ షింగెకి అంటారు. రాయాలనుకున్నది రాసి ఆడించే వీలు లేని రోజులవి.

ఆ రోజుల్లోనే నకనో ఈయన చేతిలో జానపద కథల సంపుటాలు పెట్టారు. జపాన్ జానపద అధ్యయనానికి పునాది వేసిన యనగిత కునియో పర్యవేక్షణలో దేశమంతా తిరిగి పోగుచేసిన కథలు అవి. వాటిలో సాదో దీవి కథల్లో ఒకటి: గాయపడ్డ సారస పక్షిని ఒకడు కాపాడితే అది ఆడమనిషై వచ్చి అతని ఇల్లాలవుతుంది. యుద్ధం మధ్యలోనే దాన్ని ‘సారస పత్ని’ అని ఒక నాటకంగా రాసిపెట్టుకున్నారు. యుద్ధం ముగిశాక తీసి, పూర్తిగా తిరగరాసి, 1949 జనవరిలో ‘ఫుజిన్ కోరోన్’ అనే మహిళల పత్రికలో ప్రచురించారు. అదే ‘యూజురు’. మాటకు మాట చెప్పాలంటే మునిమాపు సారసం.

ఇక్కడ మీకో చిన్న హెచ్చరిక. మీ ప్రశ్నలో నాటిక పేరు ‘కొంగ పెళ్లాం’ అని రాశారు. ఆ పేరు పెట్టకండి. కొంగ అనగానే మనవాళ్ల మనసులో మెదిలేది కొంగజపం. చేప కోసం కళ్లు మూసుకుని నిలబడే కపటం. ఈ కథలో ఆ పక్షి అంత నిష్కపటమైన ప్రాణి ఇంకోటి లేదు. జపాన్‌వాళ్లకు సారసం దీర్ఘాయువుకూ శుభానికీ గుర్తు. ‘సారసం’ అనండి, లేదా పాత మాట ‘బెగ్గురు’ వాడండి.

కథ మీకు తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. యోహ్యో అమాయకుడైన పల్లెటూరివాడు. బాణం దిగిన ఒక పక్షిని కాపాడాడు. తర్వాత త్సూ అనే అమ్మాయి వచ్చి భార్యగా ఉండిపోయింది. తను నేసేటప్పుడు చూడొద్దని మాట తీసుకుని, తన ఈకలే పీకి పోగులుగా కలిపి ఒక వస్త్రం నేసి ఇచ్చింది. దానికి పట్నంలో మంచి ధర పలికింది. సోదో, ఉన్‌జు అనే ఇద్దరు ఊరివాళ్లు వాసన పట్టి, ఇంకొకటి నేయించు, రాజధానికి తీసుకెళ్లి అమ్ముదాం, నీకు రాజధాని చూపిస్తాం అని యోహ్యోని ఎగదోశారు. అతను భార్యను వేధించాడు. చివరికి చాటుగా చూశాడు. ఆమె చిక్కి శల్యమై బయటికి వచ్చి, రెండు వస్త్రాలు చేతిలో పెట్టి, ఒకటి మాత్రం ఎవరికీ ఇవ్వక నీ దగ్గర దాచుకో అని చెప్పి ఎగిరిపోయింది.

ఇంతవరకు సాదో దీవి అవ్వలు చెప్పిన కథే. కినోషిత చేతి పని మొదలయ్యేది భాష దగ్గర.

నాటకంలో త్సూ ఒక్కతే శుభ్రమైన మామూలు జపనీస్ మాట్లాడుతుంది. మిగతావాళ్లందరూ, అంటే యోహ్యో, సోదో, ఉన్‌జు, ఊరి పిల్లలు, పల్లె యాస మాట్లాడతారు. ఆ యాస జపాన్ పటంలో ఎక్కడా ఉండదు. పలు ప్రాంతాల పల్లె మాటల్లోంచి తనకు కావలసినవి ఏరి, పోతపోసి, ఆయన తయారుచేసుకున్న రంగస్థల యాస అది. ప్రేక్షకుడు ఫలానా జిల్లావాడు అనుకోకూడదు, పల్లెటూరి మనిషి అనుకోవాలి. అదే ఆయన లెక్క.

మామూలుగా దీన్ని చూసి, త్సూది ఉన్నతమైన భాష, వాళ్లది మోటు భాష, కాబట్టి ఆమె దివ్యం, వాళ్లు మొరటు అని అర్థం చెప్పేస్తుంటారు. నేనూ మొదట్లో అలాగే చెప్పేవాణ్ణి. అది తప్పు. నాటకం మళ్లీ చదవండి. యోహ్యో అదే పల్లె యాసలో ప్రేమగా మాట్లాడుతున్నంతసేపూ త్సూకి ప్రతి మాటా అర్థమవుతుంది. పిల్లల యాసా అర్థమవుతుంది, వాళ్లతో చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే ఆటలు ఆడుతుంది. సోదో, ఉన్‌జు వచ్చి పలకరించినప్పుడు మాత్రం పక్షి చూసినట్టు తల పక్కకు వాల్చి చూస్తుంది. ఒక్క ముక్కా బోధపడదు.

తర్వాత వస్తుంది నాటకానికి గుండెకాయ లాంటి ఘట్టం. యోహ్యో ఆ ఇద్దరూ నూరిపోసిన మాటలు ఇంటికి తెచ్చాడు. ఇంకొకటి నెయ్యి, ఇంతకు ముందుకన్నా ఎన్నో రెట్లు వస్తుంది, డబ్బు, రాజధాని. త్సూ అతన్నే చూస్తూ వింటోంది. ఉన్నట్టుండి, నీ మాటలు నాకు అర్థం కావడం లేదు అంటుంది. గొంతు వినిపిస్తోంది, నోరు కదలడం కనిపిస్తోంది, అర్థం మాత్రం రావడం లేదు, ఇందాకటివాళ్లలాగే ఉన్నావు అంటుంది. యోహ్యో యాస మారలేదు. నిన్న ఏ మాటతో తినమని పిలిచాడో అదే గొంతుతో, అదే పలుకుతో ఇవాళ ధర మాట్లాడాడు. ఆమె చెవి అక్కడ ఆగిపోయింది. ఒక్క త్సూకే తెలియని భాష ఆ నాటకంలో ఏదైనా ఉందంటే అది బేరం భాష.

ఈ ఘట్టానికి కొంచెం ముందో వెనకో ఆమె తనలో తాను అనుకునే మాటలున్నాయి. నువ్వు నా ప్రపంచంలోంచి జారిపోతున్నావు, ఒకప్పుడు నన్ను బాణంతో కొట్టినవాళ్లలాగా, నాకు మాట తెలియని ఆ భయంకరమైన మనుషుల్లాగా అయిపోతున్నావు అని దాని సారం. బాణం కొట్టినవాళ్లనూ బేరం మాట్లాడేవాళ్లనూ ఆమె ఒక్క గాటన కట్టేసింది. 1949 నాటి జపాన్ ప్రేక్షకుడు ఈ మాట ఎలా విని ఉంటాడో ఊహించండి. ఓడిన దేశం, అమెరికా సైన్యం ఆక్రమణలో ఉంది, ధరలు ఆకాశంలో ఉన్నాయి, చాటుమాటు మార్కెట్‌లో బియ్యం కొనుక్కుని బతికిన ఇళ్లు. భార్య పెళ్లినాటి పట్టుబట్టలు పట్టుకెళ్లి బియ్యానికి మార్చుకున్న ఇళ్లు అందులో ఎన్నో. ఈ నాటకంలో యుద్ధం ఊసే లేదు. అయినా అది యుద్ధానంతర నాటకమే.

మీ రెండో ప్రశ్న, అంత పేరెందుకని. ఒక కారణం ఈ రాతే. రెండో కారణం యమమోతో యసుయే అనే నటి. 1924లో మొదలైన త్సుకిజి చిన్న రంగశాలలో మొదటి తరం నటి ఆమె. షింగెకికి పుట్టిల్లు లాంటి చోటు అది. 1947లో ఆమె, కినోషిత, దర్శకుడు ఒకకుర షిరో మరికొందరు కలిసి ‘బుదో నో కై’ అనే బృందం కట్టారు. ద్రాక్ష సంఘం అని అర్థం. ‘యూజురు’ తొలి ప్రదర్శన 1949 అక్టోబరు 27న టోక్యోలో జరగలేదు. నారా ప్రాంతంలో, ఇప్పుడు తెన్రి అని పిలిచే ఊళ్లో జరిగింది. అప్పటినుంచి 1986 దాకా 37 ఏళ్లలో యమమోతో త్సూ వేషం 1037 సార్లు కట్టారు. ఎనభై ఏళ్ల ప్రాయం దాకా ఆ సారసం ఆమె ఒంట్లోనే ఉంది. దేశంలో ఎన్నో ఊళ్లు, బడి హాళ్లు తిరిగారు. నాటకం బడి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆమె ఉన్నంతకాలం వృత్తి రంగస్థలం మీద త్సూ అంటే ఆవిడే. 1993లో ఆమె పోయాక, 1997లో కబుకి అనే సంప్రదాయ నాటకంలో స్త్రీ పాత్రలకు పేరుమోసిన బందో తమసబురో ఆ వేషం వేశారు.

దాన్ ఇకుమా అనే సంగీతకర్త దీన్నే ఒపెరా చేశారు. 1952 జనవరిలో ఒసాకాలో మొదట ఆడింది. కినోషిత పెట్టిన షరతు ఒక్కటే: నా మాట ఒక్కటి కూడా మార్చకూడదు. పాటకు కుదరదని పదం మార్చేస్తారేమోనన్న భయం కాదది. ఏ మాట ఎవరి నోట ఏ రూపంలో వస్తుందన్నదే ఆ నాటకం కాబట్టి. దాన్ ఒప్పుకుని, ఆ గద్యానికే స్వరం కట్టారు. జపనీస్ ఒపెరాల్లో ఇన్ని వందలసార్లు ఆడింది వేరే లేదని చెబుతారు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. నా స్వానుభవం చెబుతాను.

చాలా ఏళ్ల కిందట మా బృందం ఈ నాటికను నాలుగు గోడల మధ్య చదువుకోవడం మొదలుపెట్టింది. మొదటి ప్రతిలో అందరి చేతా ఒకే శిష్ట వ్యావహారికం మాట్లాడించాను. మూడో రోజు త్సూ చదువుతున్న అమ్మాయి కాగితం కింద పెట్టి, “మాస్టారూ, నాకు అర్థం కావట్లేదు అనే డైలాగు నేనెలా చెప్పాలి? ఆయనా నేనూ ఒకే మాట మాట్లాడుతున్నాం కదా!” అంది. నిజమే. రెండో ప్రతిలో యోహ్యోకి ఒక జిల్లా యాస పెట్టాను, పేరు చెప్పను. మొదటి పేజీలోనే వింటున్న పదిమందీ నవ్వారు. ఆ నవ్వులో ప్రేమే ఉంది, కానీ నాటకం చచ్చిపోయింది. మన రంగస్థలమూ సినిమా కలిసి దశాబ్దాలుగా కొన్ని యాసలను హాస్యానికీ, కొన్నిటిని రౌడీతనానికీ, కొన్నిటిని పనిమనుషులకీ పంచిపెట్టేశాయి. ఆ యాస మాట్లాడే లక్షలమందికి అది జరిగిన అన్యాయం. ఆ బరువంతా మీ యోహ్యో నెత్తిన పడుతుంది. అమాయకుడు కాస్తా విదూషకుడవుతాడు.

మూడో ప్రతి నేను రాసింది కాదు. మా బృందంలో ఒక పెద్దాయన ఉండేవారు. సరిహద్దు ఊళ్లో పుట్టి, ఉద్యోగరీత్యా మూడు ప్రాంతాల్లోనూ పనిచేసినాయన. యోహ్యో పాత్ర ఆయన చదివారు. కాగితం మీద ఉన్నది పక్కన పెట్టి, తను చిన్నప్పుడు విన్న పల్లె మాటల్లోంచి ఏ జిల్లా ముద్రా పడని వాటిని ఏరి చెప్పారు. ‘కూడు’, ‘పొద్దుగూకింది’, ‘ఎట్టా మరి’, ‘యాడికి’ లాంటి మాటలు. ఉచ్చారణ పెద్దగా మార్చలేదు. ‘చ’ని ‘స’ చేస్తే పల్లె అయిపోతుందనుకునే పద్ధతి సినిమా అలవాటు, దాని జోలికి పోలేదు. క్రియల తీరు, మాటల ఎంపిక, వాక్యం మధ్యలో ఆగే చోటు, వీటితోనే పల్లె వచ్చేసింది. ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఆ ఘట్టం వచ్చింది. ఇంగ్లీషు ప్రతిలో ఉన్న డబ్బు మాటలకు ఆయన సంతలో వినే మాటలు పెట్టారు: బేరం, రేటు, బయానా, లాభం, రొక్కం. అప్పటిదాకా నెమ్మదిగా నడిచిన గొంతు ఒక్కసారి జోరందుకుంది. వేళ్లు లెక్కపెడుతున్నాయి. త్సూ చదివే అమ్మాయి తల ఎత్తి చూసింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, మెడ కొద్దిగా పక్కకు వాలింది. “నీ నోరు కదులుతోంది. గొంతు వినపడుతోంది. ఏం చెబుతున్నావో తెలియడం లేదు.” గదిలో ఎవరం కదల్లేదు. అప్పుడు అర్థమైంది నాకు కినోషిత యాసను ఎందుకు కల్పించుకున్నారో. నిజమైన యాస పెడితే ప్రేక్షకుడి దృష్టి ఆ ఊరి మీదకు పోతుంది. ఊరు లేని యాస పెడితే మనిషి మీదే నిలుస్తుంది.

కాబట్టి శ్రీకాకుళమా తెలంగాణా అన్నదానికి నా సలహా: రెండూ వద్దు. మీరూ ఒకటి కల్పించుకోండి. మీ నటుల్లో వేర్వేరు ప్రాంతాలవాళ్లుంటే మంచిది, వాళ్ల అమ్మమ్మల మాటలు అడిగి రాసుకోండి. త్సూ చేత మాత్రం గ్రాంథికం మాట్లాడించకండి. దేవతలా అయిపోతుంది. ఇంట్లో మాట్లాడే తెలుగే, ఏ ప్రాంతపు ముద్రా లేకుండా, అరువు మాటలు ఒక్కటీ లేకుండా. అరువు మాటలన్నీ సోదో, ఉన్‌జు నోళ్లలో పెట్టండి.

ఇంకో చిక్కు మీకు తప్పక ఎదురవుతుంది. మూలంలో త్సూ భర్తను పేరు పెట్టి, చనువుగా పిలుస్తుంది. మన పల్లెల్లో భార్య భర్త పేరు నోటితో పలకదు. ‘ఏమయ్యా’, ‘ఏమండీ’ పెట్టేద్దామని మీ నటులే అంటారు. ఒప్పుకోకండి. ఆమె మనుషుల ఆచారం తెలియని ప్రాణి. ‘యోహ్యో’ అని ఆమె పేరు పెట్టి పిలిచిన ప్రతిసారీ ప్రేక్షకుడికి చిన్న ఉలికిపాటు కలగాలి. పైగా చివర్లో అతను ఆకాశం వంక చూస్తూ ‘త్సూ... త్సూ...’ అని పేరు పిలుస్తూ నిలబడిపోతాడు. పేరూ పేరూ ఎదురు నిలవాలంటే మొదటినుంచీ ఆమె నోట అతని పేరు ఉండాలి.

ఇక మిగతా రచనలు. అన్నీ చెప్పబోవడం లేదు, నాకు ముఖ్యమనిపించినవి చెబుతాను. ‘హికోఇచి కథలు’ 1946లో రాసిన చిన్న ప్రహసనం. కుమమోతో ప్రాంతపు గడుసుపిండం ఒకడు దయ్యాన్నీ దొరనూ ఒకేసారి బురిడీ కొట్టించబోయే కథ. మన తెనాలి రామలింగడి కథలు విన్నవాళ్లకు వెంటనే అంటుకుంటుంది. పిల్లల బృందాలు వేయదగ్గది. అయితే ఆయన అక్కడే ఆగిపోయి ఉంటే మీ మొదటి ప్రశ్నకు అవునని చెప్పేవాణ్ణి.

1962లో ‘ఒట్టో అని పిలిచే జపనీయుడు’ రాశారు. సోవియట్ గూఢచారి రిచర్డ్ సోర్గే బృందంలో పనిచేసిన పాత్రికేయుడు ఒజకి హొత్సుమి కథ. ఒజకి మామూలువాడు కాదు, ప్రధాని కొనోయే సలహాదారుల్లో ఒకడు. చైనాతో యుద్ధం తన దేశాన్ని నాశనం చేస్తుందని నమ్మి రహస్యాలు సోవియట్ వైపు అందించాడు. 1941 అక్టోబరులో పట్టుబడి, 1944 నవంబరు 7న సోర్గేతో పాటు ఉరికంబం ఎక్కాడు. నాటకం షాంఘైలో మొదలవుతుంది. అక్కడ వాళ్లు తమ సొంతం కాని భాషలో, సొంతం కాని పేర్లతో మాట్లాడుకుంటారు. ఇతని మారుపేరు ఒట్టో. దేశద్రోహి అన్నవాడు చివర్లో చెప్పే మాట సారాంశం ఇది: నాకు విదేశీ పేరుండవచ్చు, నేను మాత్రం అసలు సిసలు జపనీయుణ్ణి, జపనీయుడిగా నేను చేసింది తప్పు కాదు. అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా టోక్యో వీధులు నిండిపోయిన 1960 తర్వాత రెండేళ్లకే ఈ మాట రంగస్థలం మీద వినిపించిందని గుర్తుంచుకోండి. దేశభక్తి ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు నేను చూసిన నాటకాల్లో ఇంత నిబ్బరంగా నిలబడినది తక్కువ. కాస్త సంభాషణల బరువు ఎక్కువైన మాట నిజం, కొన్ని రంగాలు కత్తిరించుకుంటేనే ఆడతాయి.

1970 నాటి ‘దేవుడికీ మనిషికీ మధ్య’ రెండు భాగాల నాటకం. మొదటిది ‘తీర్పు’. 1946 మేలో మొదలై 1948 నవంబరులో ముగిసిన టోక్యో యుద్ధ నేరాల విచారణ. 11 దేశాల న్యాయమూర్తులు, 28 మంది ముద్దాయిలు. విడిగా అసమ్మతి తీర్పు రాసి, ముద్దాయిలందరినీ నిర్దోషులన్న మన రాధావినోద్ పాల్ గుర్తుండే ఉంటారు. కినోషిత కోర్టు రికార్డులనే ఆధారంగా తీసుకున్నారు. అసలు మాపై విచారణ జరిపే అధికారం ఈ కోర్టుకెక్కడిది అన్న వాదన, దానికి జవాబులు. గెలిచినవాడు ఓడినవాణ్ణి ప్రశ్నిస్తుంటే, నడుమ దుబాసీలు, చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లు. ఒకరు మాట్లాడితే కాసేపటికి ఇంకొకరికి అందుతుంది, అందినదీ పూర్తిగా అందదు. త్సూ తల వాల్చిన ఘట్టమే ఇక్కడ పెద్ద కోర్టు హాలంత అయింది.

రెండో భాగం ‘వేసవి: దక్షిణ సముద్రాల ప్రేమకథ’. టోక్యోలో విచారించింది పై మెట్టువాళ్లను. దూర దీవుల్లో, చిన్న చిన్న సైనిక కోర్టుల్లో ఉరిపడ్డ మామూలు సైనికుల గురించి దేశం అంతగా పట్టించుకోలేదు. అలా పోయిన ఒకడిని ప్రేమించిన స్త్రీ వైపు నుంచి ఈ భాగం నడుస్తుంది. ఆమె జంటహాస్యం చెప్పి జనాన్ని నవ్వించే కళాకారిణి. నవ్వించడం వృత్తి అయిన మనిషి గొంతులో ఆ దుఃఖం పెట్టడం ఎంత పెద్ద ఆలోచనో, నాటకం రాసేవాళ్లకు తెలుస్తుంది. రెండు భాగాల్లోనూ నాకు ఇదే ఎక్కువ ఇష్టం. అన్యాయంగా చనిపోయాడని ఏడ్చి ఊరుకోదు. అతను అక్కడి ప్రజలకు ఏం చేశాడు, తన దేశం చేయించిన పాపంలో అతని వాటా ఎంత అని కూడా అడుగుతుంది.

ఈ లోపు జపాన్‌లో నాటకం గాలి మారింది. 1960ల చివర్లో కర జూరో గుడి ఆవరణలో ఎర్ర గుడారం వేసి ఆడాడు. తెరయామ షూజి, సుజుకి తదషి లాంటివాళ్లు షింగెకి అంటేనే ముసలిదైపోయిందన్నారు. మాట మీద ఆధారపడే నాటకం కాలం చెల్లిందని, ఒళ్లే భాష అని వాదించారు. బుదో నో కై 1964లోనే చీలి ముగిసిపోయింది. యాభై దాటిన కినోషిత ఆ గుడారాల వెంట వెళ్లలేదు. వెనక్కి, ఇంకా పాత మాట దగ్గరికి వెళ్లారు. యమమోతోతో కలిసి మాట పలికే తీరు మీదే అధ్యయన కూటాలు నడిపారు. 1968 నుంచి ‘గుందోకు’ అనే పద్ధతి మీద పనిచేశారు. ‘హెయికె గాథ’ లాంటి మధ్యయుగపు యుద్ధ గాథను ఒక్కరు, ఇద్దరు, గుంపు మారి మారి కలిసి బిగ్గరగా పలకడం. బుర్రకథలో కథకుడి మాటను వంతలు అందుకునే తీరు చూసినవాళ్లకు దాని బలం ఊహకందుతుంది.

ఆ పదేళ్ల సాధన ఫలమే 1979లో ఆడిన ‘షిగోసెన్ నో మత్సురి’. మధ్యాహ్నరేఖ మీద జాతర అని చెప్పుకోవచ్చు. 1185లో దాన్నోఉరా జలసంధిలో తైరా వంశం తుడిచిపెట్టుకుపోయిన నౌకాయుద్ధం. నాటకం నక్షత్రాలతో మొదలవుతుంది. మన నడినెత్తి మీదుగా పోయే ఆ ఊహారేఖ గురించి, ఆకాశం తిరగడం గురించి నిదానంగా చెప్పే గొంతు. తర్వాత యుద్ధం. చంద్రుడి ఆకర్షణకు సముద్రం పోటు తిరగడం, ఓడల దిశ మారడం, దానితో ఒక వంశం రాత మారడం. బాల చక్రవర్తి అంతొకుని అమ్మమ్మ ఎత్తుకుని నీళ్లలో దూకుతుంది. సేనాని తొమొమొరి అంతా చూసి, చూడవలసినదంతా చూశాను అనే ఒక్క వాక్యంతో తనూ మునిగిపోతాడు. ఆ వాక్యం ‘హెయికె గాథ’లోదే. దాన్ని మోయగల నాటకం కట్టడానికి కినోషితకు ఒక జీవితం పట్టింది.

ఆ నాటకంలో ముసుగులతో ఆడే పాత నాటకం నోహ్ కుటుంబం నుంచి కన్జే హిదెయో, పాత హాస్య నాటకం క్యోగెన్ నుంచి నొమురా మన్సకు, కబుకి వైపు నుంచి అరషి కెయిషి, షింగెకి నుంచి తకిజవా ఒసాము, యమమోతో ఒకే వేదిక మీద నిలబడ్డారు. వందల ఏళ్లుగా ఒకరి గొంతు ఒకరికి పనికిరాదనుకున్న సంప్రదాయాలు అవి. కూచిపూడి, వీధినాటకం, పౌరాణిక పద్య నాటకం, ఆధునిక నాటకం నటులను తెచ్చి ఒకే వాక్యాన్ని కలిసి పలకమనడం లాంటిది. ‘యూజురు’లో ఊరు లేని పల్లె మాట కల్పించినాయన ఇక్కడ ఏ ఒక్క రంగస్థలానికీ చెందని జపనీస్ కోసం ప్రయత్నించారు. ఈ రచనకు యొమియురి సాహిత్య బహుమతి వచ్చింది.

బహుమతుల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. జపాన్ కళా అకాడమీ సభ్యత్వమూ, టోక్యో గౌరవ పౌరసత్వమూ ఇస్తామంటే ఆయన వద్దన్నారు. 2006 అక్టోబరు 30న, 92 ఏళ్ల వయసులో పోయారు.

చివరగా, పోటీకి వెళ్లే ముందు చూసుకోవలసినవి. సారస పత్ని కథ ఎవరి సొత్తూ కాదు, మీరు సొంతంగా రాసుకోవచ్చు. కానీ ‘యూజురు’ సంభాషణలు, సోదో, ఉన్‌జు పాత్రలు, అర్థం కాకపోయే ఆ ఘట్టం కినోషితవి. మన దేశ చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి, అంటే 2066 చివరిదాకా. ఇంగ్లీషు అనువాదకుడి హక్కులు వేరు. ప్రచురణకర్తకు ఇప్పుడే ఉత్తరం రాయండి, జవాబుకు నెలలు పట్టవచ్చు.

రంగాలంకరణకు డబ్బు పోయకండి. మంచులో ఒంటరి గుడిసె, వెనక ఎర్రటి సాయంకాలపు ఆకాశం చాలు. మగ్గం కనపడకూడదు, చప్పుడు మాత్రమే వినపడాలి. ఖర్చు పెట్టదలిస్తే ఆ రెండు వస్త్రాల మీద పెట్టండి. దీపం పడగానే వెలుగు పట్టుకునే పలచని తెల్లటి బట్ట, మన ఊళ్లలో నేసే సన్నపు నూలు ఖద్దరు వెతకండి. చివరి క్షణంలో సోదో ఆ బట్ట పట్టుకుని లాగుతాడు. యోహ్యో ఆకాశంలో చిన్నదైపోతున్న పక్షినే చూస్తుంటాడు, బట్ట లాగుతున్న సంగతే అతనికి తెలియదు, అయినా పిడికిలి వదలదు. యోహ్యో వేసే నటుడి చేత ముందుగా ఆ పిడికిలి సాధన చేయించండి.